పోలీసుల రూల్స్ నెట్‌లో పెట్టాలంటే పీడీఎఫ్ ఒకటి పడేస్తే సరిపోదు

రాత్రి పదకొండున్నరకి ఒకావిడకి ఫోన్ వస్తుంది, తమ్ముణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారని. ఆవిడ చేతిలో ఉన్నది ఒక ఫోన్, అందులో కాస్త చార్జింగ్. వాణ్ణి ఎంతసేపు ఉంచుకోవచ్చు, ఇంట్లోవాళ్లకి కబురు చెప్పాల్సింది ఎవరు, లాయరుతో మాట్లాడనిస్తారా, ఫోన్ లాక్ తీయమంటే తీయాలా? ఈ నాలుగింటికీ జవాబు ఆ పోలీసు శాఖ దగ్గర ఎక్కడో ఒకచోట, మాన్యువల్లోనో స్టాండింగ్ ఆర్డర్లోనో (మళ్లీ మార్చేదాకా అమల్లో ఉండే ఉత్తర్వు), రాసే ఉంటుంది. ఆవిడకి అది రెండు నిమిషాల్లో దొరికితే మీరు పాలసీలు ఆన్‌లైన్‌లో పెట్టినట్టు లెక్క. దొరక్కపోతే ఏదో ఫైలు అప్‌లోడ్ చేశారు, అంతే.

ఈ పని చేయబోయేవాళ్లు పోలీసు శాఖ వెబ్‌సైట్ చూసే ఉద్యోగులు కావచ్చు, బయటినుంచి సాయం చేసే వలంటీర్లు కావచ్చు, అడిగి అడిగి విసిగిపోయి మనమే పెట్టేద్దాం అనుకున్న పౌర సంఘం కావచ్చు. పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. నేను ఇలాంటి పని ఒక ఆఫీసు కోసం చేశాను, పేరు అనవసరం, చాలా తప్పులు కూడా చేశాను. కింద రాసేవాటిలో సగం ఆ తప్పుల నుంచి వచ్చినవే.

ముందు అసలు ఏమున్నాయో తెలుసుకోండి

వెబ్‌సైట్ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. "మా దగ్గర మాన్యువల్ ఉంది కదా, అదే పెట్టేద్దాం" అని అందరూ అనేస్తారు. మాన్యువల్ అంటే సగమే. మిగతా సగం దాని తర్వాత వచ్చిన సర్క్యులర్లలో, మెమోల్లో, సవరణ ఉత్తర్వుల్లో ఉంటుంది. నాకు ఇచ్చిన మాన్యువల్ 300 పేజీల పైమాటే, అందులో సంకెళ్ల గురించి ఒక అధ్యాయం ఉంది, శుభ్రంగా టైపు చేయించి పెట్టేశాం. తర్వాత తెలిసింది, ఆ అధ్యాయాన్ని మార్చేసిన ఒకే ఒక్క పేజీ సర్క్యులర్ గుమస్తాల వాట్సాప్ గ్రూపులో ఫొటోగా తిరుగుతోందని. అంటే మేం నెల రోజులపాటు, అమల్లో లేని రూల్‌ని చాలా అందంగా జనానికి చూపించాం.

కాబట్టి సెక్షన్ వారీగా వెళ్లి అడగండి. ఏ ఫైలు ఎక్కడుందో పెద్దాఫీసరుకి తెలియదు, ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో వాళ్లకే తెలుసు. షీట్‌లో ఒక్కో ఉత్తర్వుకి ఒక్కో వరస: నంబరు, పేరు, జారీ అయిన తేదీ, దాన్ని మార్చిన ఉత్తర్వులు ఏవి, సంతకం చేసిన హోదా, అసలు కాపీ ఎవరి దగ్గరుంది, బయట పెట్టొచ్చా, పెట్టకూడదంటే ఎందుకు. ఈ చివరి గడిని ఖాళీగా వదలనివ్వకండి, "కాన్ఫిడెన్షియల్" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే తిప్పి పంపండి.

ఏయే విషయాలు వెతకాలి? బలప్రయోగం, తుపాకీ వాడకం, అరెస్టు, సోదా, దారిలో ఆపి తనిఖీ చేయడం, లాకప్, పిల్లలతో ఆడవాళ్లతో వ్యవహరించే తీరు, ర్యాలీలు గుంపుల దగ్గర లాఠీ, బాష్పవాయువు, వాహనాన్ని తరమడం, ఒంటి మీద కెమెరా, సీసీటీవీ ఫుటేజీ ఎన్నాళ్లు ఉంచుతారు, ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, ఫోన్ల తనిఖీ, పోలీసుల మీదే ఫిర్యాదు వస్తే ఎవరు విచారిస్తారు. ఈ ఆఖరిది జాబితాల్లో చాలాసార్లు కనబడదు, జనం ఎక్కువగా వెతికేది మాత్రం అదే.

ట్రైనింగ్ మెటీరియల్ కూడా కలపండి. రూల్ ఒకలా ఉండి, పాఠం ఇంకోలా చెప్తే ఫీల్డులో నడిచేది పాఠమే. కాలిఫోర్నియాలో 2018లో తెచ్చిన ఎస్‌బీ 978 చట్టం ఈ ముక్క గట్టిగా పట్టుకుంది. 2020 జనవరి 1 నుంచి అక్కడి పోలీసు విభాగాలు ప్రమాణాలు, పాలసీలు, పని పద్ధతులతోపాటు శిక్షణ సామగ్రిని కూడా తమ వెబ్‌సైట్‌లో కొట్టొచ్చినట్టు కనబడేలా పెట్టాలి. ఎవరైనా సమాచారం కోసం దరఖాస్తు పెడితే ఎలాగూ ఇవ్వాల్సిందే కదా, ఆ దరఖాస్తు దాకా ఎందుకు రానివ్వాలి అన్నది దాని లాజిక్.

పైవాళ్లని ఒప్పించడం

నోట్ ఫైలు పెట్టేటప్పుడు పారదర్శకత, ప్రజాస్వామ్యం అని పెద్ద మాటలతో మొదలుపెట్టకండి. మొదటి లైన్‌లోనే చట్టం సెక్షన్ రాయండి. భారతదేశంలో అయితే సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 4(1)(బి): ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తాను బయటపెట్టాల్సిన 17 అంశాలు అందులో ఉన్నాయి, ఉద్యోగులు పనిలో వాడే నియమాలు, ఆదేశాలు, మాన్యువళ్లు వాటిలో ఒకటి. చట్టం వచ్చాక 120 రోజుల్లో పెట్టాలి, ఏటా అప్‌డేట్ చేయాలి అని కూడా ఉంది. బ్రిటన్‌లో 2000 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం ప్రకారం ప్రతి సంస్థకీ తానుగా ఏమేం ప్రచురిస్తుందో చెప్పే ప్రచురణ పథకం ఉండాలి. అక్కడ స్టాప్ అండ్ సెర్చ్ (దారిలో ఆపి తనిఖీ), కస్టడీ లాంటివాటి మీద పోలీసు అధికారాల గురించిన 1984 చట్టం కింద వచ్చిన కోడ్లు, అంటే ఆచరణ నియమావళులు, అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటిలో కస్టడీ గురించిన కోడ్ సి అయితే ప్రతి స్టేషన్లోనూ, పోలీసులకే కాదు, నిర్బంధంలో ఉన్న మనిషికి, మామూలు జనానికి కూడా చదువుకోవడానికి అందుబాటులో ఉండాలని తన మొదటి పేజీల్లోనే చెప్పుకుంటుంది. లాకప్‌లో ఉన్నవాడికే పుస్తకం చేతికివ్వాలని రూల్ ఉన్నప్పుడు నెట్‌లో పెట్టడానికి ఇంత ఆలోచనేంటి అని అడగొచ్చు.

ఏ దేశమైనా పనికొచ్చేవి రెండున్నాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1979 డిసెంబరు 17న ఆమోదించిన పోలీసు అధికారుల ప్రవర్తనా నియమావళి, ఎనిమిదే ఎనిమిది అధికరణాలు, పది నిమిషాల్లో చదివేయొచ్చు. రెండోది 1990లో హవానాలో ఆమోదించిన బలప్రయోగం, తుపాకుల వాడకం మీద మౌలిక సూత్రాలు. ఇవి నేరుగా మీ శాఖని కట్టిపడేయవు గానీ నోట్‌లో ఒక పేరా బరువు పెంచుతాయి.

ఇంకో పనికొచ్చే మాట: ఇప్పటికే పెట్టినవాళ్లని చూపించండి. సియాటిల్ పోలీసుల మాన్యువల్ మొత్తం నెట్‌లో ఉంది. షికాగో పోలీసుల ఆదేశాలకి వేరే సైటే ఉంది, అంతేకాదు, కొత్త పాలసీ ముసాయిదాలు జనం ముందు పెట్టి అభిప్రాయాలు కూడా అడుగుతారు. ఇంగ్లండ్‌లో కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ వాళ్ల వృత్తి మార్గదర్శకాలు చాలామటుకు ఎవరైనా చదవొచ్చు. "మనం మొదటివాళ్లం కాదు సార్" అనే మాటకి ఏ ఆఫీసులోనైనా మంచి విలువుంది.

ఏది దాచాలి, ఎంత దాచాలి

"రూల్స్ బయటపెడితే దొంగలు చదువుకుంటారు." ఇది వస్తుంది, రెడీగా ఉండండి. దీనికి జవాబు, రూల్‌ని, ఎత్తుగడని విడదీయడం. ఎప్పుడు కాల్పులు జరపొచ్చు, ముందు హెచ్చరించాలా, తర్వాత ఎవరికి రిపోర్టు చేయాలి, ఇవి రూల్స్. బందీలను విడిపించే ఆపరేషన్‌లో ఏ తలుపు దగ్గర ఎంతమంది నిలబడతారు, ఇది ఎత్తుగడ. మొదటివి జనానికి తెలిసినా పోలీసు పనికి అడ్డమేమీ రాదు. రెండోది బయటికి రావాల్సిన అవసరం లేదు. ఇన్‌ఫార్మర్ల వివరాలు, వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీలు, డ్యూటీ చార్టులు, ఉద్యోగుల సొంత నంబర్లు కూడా అంతే. భారత చట్టంలో సెక్షన్ 8(1)(జి), (హెచ్) కింద ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చేది, దర్యాప్తుకి అడ్డొచ్చేది ఆపొచ్చు. కానీ దాని పక్కనే సెక్షన్ 10 ఉంది: ఆపాల్సిన ముక్క తీసేసి మిగతాది ఇవ్వమని. ఇదే మీ కొలబద్ద. వాక్యం దాచాల్సి వస్తే వాక్యం దాచండి, దానికోసం అధ్యాయం మొత్తం మాయం చేయకండి.

దాచినచోట దాచామని రాయండి. "ఇక్కడ రెండు వాక్యాలు తీసేశాం, ఇన్‌ఫార్మర్ల భద్రత కోసం" అని. పేరా నంబర్లు మార్చి అతుకు కనబడకుండా కుట్టేయడం మోసం కిందికే వస్తుంది, పైగా ఎప్పుడో ఒకప్పుడు పాత కాపీ ఎవరో ఒకరు పక్కన పెట్టి చూస్తారు.

ఇక నల్లరంగు పూయడం గురించి. పీడీఎఫ్‌లో అక్షరాల మీద నల్ల డబ్బా గీస్తే అక్షరాలు పోవు, కింద భద్రంగా ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మొత్తం బయటపడుతుంది. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మనాఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టులో వేసిన పత్రం సరిగ్గా ఇలాగే పరువు తీసింది, విలేకరులు కాపీ పేస్ట్‌తోనే చదివేశారు. అంతంత ఫీజుల లాయర్లకే జరిగింది, మనమెంత. అందుకే అసలు ఫైల్ కాపీలో ఆ వాక్యాన్ని నిజంగానే డిలీట్ చేయండి, దాని స్థానంలో పైన చెప్పిన నోట్ పెట్టండి, కొత్తగా పీడీఎఫ్ తీయండి, తర్వాత మీరే కాపీ కొట్టి చూడండి. వర్డ్ ఫైల్‌లో ట్రాక్ చేంజెస్, మార్జిన్‌లో వ్యాఖ్యలు, ఫైల్ ప్రాపర్టీస్‌లో టైపు చేసినవాళ్ల పేరు, ఇవి కూడా తుడిచాకే అప్‌లోడ్.

కాపీరైట్ అనే సాకు కూడా ఒకటుంది. కొన్ని చోట్ల పాలసీలని, శిక్షణ పాఠాలని ప్రైవేటు కంపెనీలు రాసిస్తాయి, అడిగితే మాది కాదు, పెట్టలేం అంటారు. కాలిఫోర్నియాలో ఇదే గొడవ కోర్టుదాకా వెళ్లింది. మీ దగ్గర అలాంటి కాంట్రాక్టు ఉంటే రెన్యువల్ అప్పుడు "ప్రజలకు ప్రచురించే హక్కు శాఖకి ఉంటుంది" అని ఒక్క క్లాజు కలిపించండి, తర్వాత తలనొప్పి ఉండదు.

కాగితాన్ని పేజీగా మార్చడం

అసలు చాకిరీ ఇక్కడే. నాకు వచ్చిన ఫైలు స్కాన్, వంకరగా పడ్డ పేజీలు, మధ్యలో ఒక పేజీ రెండుసార్లు, దాని పక్కది అసలు లేదు, ఒకచోట స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా ఉంది. స్కాన్ అంటే బొమ్మ. అందులో వెతకలేం, ఫోన్‌లో పెద్దది చేస్తే పక్కకి జరుపుకుంటూ చదవాలి, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ కాగితం. టైపు చేసిన ఫైలున్నా సంబరపడకండి, పాత తెలుగు ఫైళ్లు చాలావరకు అను లాంటి ఫాంట్లలో ఉంటాయి, తెర మీద తెలుగులా కనబడినా కాపీ కొడితే పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్‌కి కూడా ఆ గీతలే కనిపిస్తాయి. ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి తీరాలి.

ఓసీఆర్ వాడండి, అంటే బొమ్మలోని అక్షరాలని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్, తప్పులేదు, వాటిలో టెస్సరాక్ట్ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. కానీ దాన్ని నమ్మి వదిలేయొద్దు. మామూలు వ్యాసంలో ఒక అక్షరం పోతే ఎవరూ చావరు. ఇక్కడ "చేయరాదు" కాస్తా "చేయాలి" దగ్గరికి జారినా, 24 కాస్తా 21 అయినా రూల్ తిరగబడుతుంది. మేం చివరికి పట్టుకున్న పద్ధతి పాతకాలం ప్రెస్సు పద్ధతే: ఒకరు అసలు కాగితం చూసి పైకి చదవడం, ఇంకొకరు తెర మీద వేలు పెట్టి వెంట రావడం. అంకెలు, తేదీలు, వద్దు, కాదు, రాదు, కూడదు వచ్చినచోట ఆగి రెండోసారి చదవడం. రోజుకి ఇరవై పేజీలు దాటితే కళ్లు మొరాయిస్తాయి, అంతకంటే తొందరపెట్టకండి.

ఒక పాలసీకి ఒక పేజీ. 300 పేజీల పుస్తకాన్ని ఒకే ఫైల్‌గా పెడితే ఎవరికీ ఏమీ దొరకదు. ప్రతి పేజీకి, పేజీలో ప్రతి పేరాకి సొంత లింకు ఉండాలి, "పేరా 6 చూడండి" అని ఎవరైనా ఒక మెసేజ్‌లో పంపితే నేరుగా అక్కడే తెరుచుకోవాలి. పేజీ నెత్తిన: పేరు, నంబరు, అమల్లోకి వచ్చిన తేదీ, చివరిసారి మారిన తేదీ, ఎవరు జారీ చేశారు, ఎవరికి వర్తిస్తుంది. కింద నాలుగైదు లైన్లలో మామూలు మాటల్లో సారాంశం. ఆ కింద పూర్తి పాఠం, ఒక్క అక్షరం మార్చకుండా. సంతకంతో ఉన్న స్కాన్‌ని కూడా పక్కన లింకుగా ఉంచండి, రెండింటికీ తేడా వస్తే సంతకం ఉన్నదే లెక్క అని ఒక లైను రాసేయండి.

పేరు దగ్గర కాస్త ఆగుదాం. అసలు కాగితం మీద ఇలా ఉంటుందనుకోండి: "స్టాండింగ్ ఆర్డర్ 14: నిర్బంధితుల సమాచార ప్రసారణ విధివిధానముల సవరణ". దీన్ని అలాగే పెడితే ఆ రాత్రి ఆవిడ జన్మలో దీని మీద నొక్కదు. "అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకి ఎవరు, ఎప్పుడు చెప్పాలి (స్టాండింగ్ ఆర్డర్ 14)" అని పెట్టండి. నంబరు లాయర్లకి కావాలి, ఉంచండి, కానీ వెనక్కి జరపండి.

సారాంశం రాసేటప్పుడు తెలుగుతో ఒక ప్రమాదం ఉంది, నేను రెండుసార్లు పడ్డాను. "వచ్చు" అన్న మాట. "అధికారి ఫోన్‌ను స్వాధీనం చేసుకోవచ్చు" అంటే అధికారం ఉందనా, అలా జరిగే అవకాశం ఉందనా? చదివేవాళ్లు రెండోలాగా తీసుకుంటారు, జాగ్రత్తగా ఉండండి అని చెప్తున్నట్టుగా. "స్వాధీనం చేసుకునే అధికారం ఉంది" అని విప్పి రాయాలి. అలాగే "చెప్పకూడదు" వేరు, "చెప్పనక్కర్లేదు" వేరు, అనువాదంలో హడావిడిగా ఒకదాని బదులు ఇంకోటి పడుతుంది. అన్నింటికంటే మాయదారి మాట "అదుపులోకి తీసుకున్నారు". పేపర్లలో రోజూ చూస్తాం, అది అరెస్టా, విచారణకి పిలవడమా, ఊరికే కూర్చోబెట్టడమా ఎవరికీ తెలియదు, హక్కులు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. మీ పేజీల్లో ఈ మాట వాడొద్దు. అరెస్టు అంటే అరెస్టు అనండి, కాకపోతే కాదనండి. ఎఫ్ఐఆర్, బెయిల్, వారెంట్ లాంటివి జనం నోట్లో ఉన్నవే, వాటిని "ప్రథమ సమాచార నివేదిక" అని తెలుగు చేసి ఎవరినీ ఉద్ధరించక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి

హోమ్ పేజీ మీద. "డౌన్‌లోడ్స్" లోపల "ఇతరములు" లోపల "ఆర్డర్స్" లోపల కాదు. మొదటి తెర మీద "పోలీసులు పాటించాల్సిన రూల్స్" అని ఒక బటన్, అది నొక్కితే విషయాల వారీ జాబితా, అందులో నొక్కితే పేజీ. రెండు నొక్కులు. లాగిన్ వద్దు, ఈమెయిల్ అడగొద్దు, కాప్చా వద్దు. పోలీసు వెబ్‌సైట్‌లో రూల్ చదవడానికి తన నంబరు ఇవ్వమంటే ఎవరు ఇస్తారు, భయపడి మూసేస్తారు.

పేజీ తేలికగా ఉండాలి. మా స్కాన్ ఫైలు 40 ఎంబీ పైన, అదే టెక్స్ట్ పేజీగా మార్చాక ఫొటో ఒక్కటి పంపినంత కూడా లేదు. సెర్చ్ ఇంజిన్లని అడ్డుకునే సెట్టింగ్ ఏదైనా సైట్‌లో ఉందేమో వెబ్ డెవలపర్‌ని అడిగి చూడండి, టెస్టింగ్ అప్పుడు పెట్టి తీయడం మర్చిపోతారు, మా దగ్గర అదే జరిగింది. అక్షరానికి, వెనక రంగుకి తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలన్న అంతర్జాతీయ ప్రమాణం, చెప్తుంది. పోలీసు సైట్లకి ఖాకీ మీద గోధుమరంగు అంటే ఏదో ప్రేమ, ఎండలో ఒక్క ముక్క కనబడదు.

పాత రూల్‌ని చంపకండి

నన్నడిగితే మొత్తం పనిలో ఎక్కువ విలువైంది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. మార్చిలో ఒక ఘటన జరిగింది. జూన్‌లో రూల్ మారింది. కేసు విచారణ రెండేళ్ల తర్వాత. అప్పుడు కావాల్సింది ఈరోజు రూల్ కాదు, మార్చిలో ఆ రోజున ఉన్న రూల్. మీరు పాత ఫైల్ మీదే కొత్తది ఎక్కించేస్తే ఆ రోజు పోలీసు తప్పు చేశాడో లేదో తేల్చే కాగితం జనం చేతుల్లోంచి పోయినట్టే. ఇది ఆ పోలీసుకి కూడా నష్టమే, రూల్ ప్రకారమే చేశానని చూపించుకోవాల్సింది ఆయనే కదా.

కాబట్టి ఏదీ చెరపకండి. కొత్తది వచ్చినప్పుడు పాత పేజీని "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అమల్లో ఉంది, ఇప్పుడు లేదు" అని పైన పెద్దగా రాసి అక్కడే ఉంచండి, కొత్తదానికి లింకు ఇవ్వండి. ఏం మారిందో రెండు వాక్యాల్లో చెప్పండి: "ఇంతకుముందు 12 గంటల్లోపు అని ఉండేది, ఇప్పుడు వెంటనే అని మార్చారు" లాగా. "పాలసీ అప్‌డేట్ చేయబడింది" అని రాస్తే ఎవరికీ ఏమీ చెప్పనట్టే. టెక్నికల్ మనుషులుంటే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి, ఏ రోజు ఏ పదం మారిందో దానంతటదే గుర్తుంచుకుంటుంది. వాషింగ్టన్ డీసీ కౌన్సిల్ తన చట్టాలనే గిట్ ఫైళ్లు అందరితో పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టింది, 2018లో ఒక పౌరుడు అక్కడ ఒక అచ్చుతప్పు చూసి సవరణ పంపితే తీసుకున్నారు కూడా. మీకు అంత అక్కర్లేకపోతే తేదీ పేరుతో ఫోల్డర్లు చాలు. ప్రతి పేజీనీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్) సేవ్ చేయండి, అర నిమిషం పని, బయట ఒక సాక్షి ఉన్నట్టు.

లింకులు మారకూడదు. మేం పెట్టిన ఏడాదిలోపే కొత్త డిజైన్ అని సైట్ మొత్తం మార్చారు, పాత లింకులన్నీ చచ్చిపోయాయి. వాటిని లాయర్లు పిటిషన్లలో, విలేకరులు కథనాల్లో వాడేసుకున్నారు అప్పటికే. టెండర్ పత్రంలోనే "పాత లింకులు కొత్త పేజీలకి వెళ్లాలి" అని రాయించుకోండి, లేకపోతే కాంట్రాక్టరుకి దాంతో పనేముంది.

మరి కొత్త సర్క్యులర్ వచ్చిన ప్రతిసారీ వెబ్ టీమ్‌కి ఎలా తెలుస్తుంది? తెలియదు, ఎవరూ చెప్పరు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: ఉత్తర్వుకి నంబరు వేసే రిజిస్టర్లో "వెబ్ లింకు" అనే గడి పెట్టడం, అది నింపకుండా నంబరు పడకూడదు. దాచాల్సినదైతే ఆ గడిలో కారణం రాయాలి. నంబరు లేకపోతే ఉత్తర్వు జిల్లాలకి వెళ్లదు, కాబట్టి అందరూ నింపుతారు. ఒక మనిషి శ్రద్ధ మీద నడిచేది ఆ మనిషి ట్రాన్స్‌ఫర్‌తో ఆగిపోతుంది, గడి ఆగదు.

శాఖ పెట్టకపోతే మీరే పెట్టొచ్చా

పెట్టొచ్చు. సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టి కాపీలు తీసుకోండి. "మీ పాలసీలన్నీ" అని అడిగితే తిప్పి కొడతారు, "బలప్రయోగం మీద ప్రస్తుతం అమల్లో ఉన్న ఉత్తర్వుల నకళ్లు, వాటిని సవరించిన సర్క్యులర్లతో సహా" అని ఒక్కో అంశం విడిగా అడగండి. మీ సైట్ మీద ఇది అధికారిక సైట్ కాదని, ఏ తేదీన ఏ ఆఫీసు నుంచి వచ్చిన కాపీయో ప్రతి పేజీలో రాయండి. శాఖ లోగో వాడకండి, పోలీసుల సైటేనేమో అనిపించేలా రంగులు కూడా వేయకండి. ఇవ్వనన్నవి ఏవో కూడా జాబితాలో ఉంచి, ఏ కారణం చెప్పారో పక్కన రాయండి. ఒక్కోసారి ఆ ఖాళీ వరసలు చూసే విలేకరులు ఫోన్ చేస్తారు.

ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి

అన్నీ అయ్యాక, శాఖతో సంబంధం లేని ముగ్గుర్ని పిలవండి. ఫోన్ చేతికిచ్చి ఒక పరిస్థితి చెప్పండి: మీ తమ్ముణ్ణి తీసుకెళ్లారు, లేదా దారిలో ఆపి బ్యాగ్ తెరవమన్నారు. తర్వాత నోరు మూసుకోండి, ఇదే కష్టం. "అక్కడ కాదు, పైన పైన" అని చెప్పాలని నాలుక దురదపెడుతుంది. చెప్పకండి. ఎక్కడ ఆగారు, ఏం టైప్ చేశారు, ఎప్పుడు విసుక్కున్నారు, రాసుకోండి.

మా మొదటి టెస్ట్‌లో ఒకాయన సెర్చ్ బాక్స్‌లో "పోలీసులు కొడితే ఎవరికి చెప్పాలి" అని కొట్టాడు. సున్నా ఫలితాలు. ఎందుకంటే మేం ఆ పేజీకి "ఫిర్యాదుల పరిష్కార యంత్రాంగం" అని పేరు పెట్టుకుని మురిసిపోయాం. ఆ సాయంత్రమే మార్చాం, ఆయన కొట్టిన మాటలనే పేరుగా పెట్టేశాం. పైనుంచి ఒకరు "కొడితే ఏంటండీ, బాగోలేదు" అన్నారు, "దురుసుగా ప్రవర్తిస్తే" దగ్గర రాజీ కుదిరింది, "కొడితే" అన్నది మాత్రం సెర్చ్‌లో దొరికేలా వెనకాల కీవర్డ్‌గా ఉంచాం.

రెండో విడతలో ఒక పెద్దావిడ వచ్చారు. ఇంటికి కబురు చెప్పే రూల్ నిమిషంన్నరలో పట్టుకున్నారు, మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం చదవడం ఆపి కళ్లజోడు సర్దుకుని, "బాబూ, ఇది ఇప్పటిదేనా, పాతదా?" అని అడిగి వేలితో కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోయారు. తేదీ పేజీ అడుగున, బూడిద రంగులో, చిన్న అక్షరాల్లో ఉంది. మర్నాడు పొద్దున్నే దాన్ని పైకి తెచ్చాం.